ఒకరి కూతకు కోట్లు.. నడిమివాళ్లకు కోత!

పొద్దు వాలే వేళ. బడి వెనక ఖాళీ స్థలంలో సున్నంతో గీసిన గీతలు. చుట్టూ ఊరి జనం. మధ్యలో ‘కబడ్డీ.. కబడ్డీ.. కబడ్డీ’ అంటూ ఊపిరి బిగబట్టిన ఓ కుర్రాడు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోనే కాదు, అటు వనపర్తి పల్లెల్లోనూ, నల్లమల అంచున నాగర్‌కర్నూల్ ఊళ్లలోనూ పండగొచ్చినా, జాతర జరిగినా ఈ దృశ్యం కనిపిస్తుంది. నెట్ అక్కర్లేదు, బ్యాట్ కొనక్కర్లేదు. కాస్త చోటు, జట్టుకు ఏడుగురు మనుషులుంటే చాలు. పేదవాడి ఆట అని ఊరికే అనలేదు!

2014లో ప్రో కబడ్డీ లీగ్ మొదలయ్యాక ఈ ఆటకు టీవీ వెలుగు వచ్చింది. మట్టి పోయి మ్యాట్ వచ్చింది. 2010ల చివర్లో తెలంగాణ ప్రీమియర్ కబడ్డీ అంటూ రాష్ట్రంలోనే ఓ లీగ్ జరిగితే, అందులో గద్వాల గ్లాడియేటర్స్ పేరుతో ఓ జట్టు కూడా బరిలోకి దిగింది. దాంతో పదో తరగతి దాటిన కుర్రాళ్లు ఇంట్లో ధైర్యంగా నోరు విప్పుతున్నారు: ‘నాయినా, నేను కబడ్డీ ఆడుత!’

నాయిన అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే. ‘ఆడితే ఎంతొస్తది?’

వేలం జరిగిన మర్నాడు పేపర్లో పెద్దక్షరాలతో కనిపించే జవాబు.. రెండు కోట్లు! నిజమే, రెండు కోట్లు పలికినవాళ్లున్నారు. కానీ వాళ్లు ఒకరో ఇద్దరో. లీగ్ దాకా చేరిన కుర్రాళ్లలో ఎక్కువమంది నిలిచేది నడిమి వరసలో. మరి ఆ నడిమివాడికి ఎంతొస్తుంది? అది వాడి ఆటను బట్టే కాదు, జట్టు పర్సును బట్టి కూడా ఉంటుంది. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

దసరా బట్టల లెక్క

ఐదుగురున్న ఇంట్లో దసరా బట్టలకు 15 వేలు తీసి పక్కన పెట్టారనుకుందాం. అంతకు మించి పైసా ఖర్చు పెట్టకూడదని ఇంటిపెద్ద మాట. అమ్మాయికి గద్వాల పట్టుచీర నచ్చింది. ధర 8 వేలు. తీసుకున్నారు. మిగిలిన 7 వేలలో నలుగురికి బట్టలు రావాలి. అబ్బాయి ప్యాంటు ధర తగ్గలేదు, వాడి అవసరమూ తగ్గలేదు. తగ్గింది వాడి వంతుకు మిగిలిన డబ్బే.

ప్రో కబడ్డీలో ‘శాలరీ పర్సు’ అంటే ఇదే. ఆటగాళ్ల జీతాలకు ఒక్కో జట్టు ఎంత ఖర్చు పెట్టొచ్చో లీగ్ ముందే గీత గీస్తుంది. డబ్బున్న యజమాని మంచి ఆటగాళ్లందర్నీ తానే కొనేసుకోకుండా, పోటీ సమఉజ్జీగా ఉండాలని ఈ ఏర్పాటు. ఉద్దేశం మంచిదే. కాకపోతే జట్టు మొత్తానికి గీత గీశారు గానీ, ఒక్క ఆటగాడికి ఎంత దాకా ఇవ్వొచ్చన్న గీత గీయలేదు.

2014లో తొలి వేలం నాడు జట్టు పర్సు 60 లక్షలు. అప్పట్లో అందరికన్నా ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్‌ను పాట్నా పైరేట్స్ 12 లక్షల 80 వేలకు తీసుకుంది. అంటే పర్సులో ఐదో వంతు కన్నా కాస్త ఎక్కువ. 2018కి పర్సు 4 కోట్లయింది. ఆ ఏడాదే తొలిసారి కబడ్డీ ఆటగాళ్లు కోటి దాటారు. హర్యానా స్టీలర్స్ మోను గోయత్‌కు కోటీ 51 లక్షలు పెట్టింది. మన తెలుగు టైటాన్స్ రాహుల్ చౌదరికి కోటీ 29 లక్షలు ఇచ్చింది. 2023కి పర్సు 5 కోట్లకు చేరింది. ఆ వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్ కోసం పెట్టిన సొమ్ము.. 2 కోట్ల 60 లక్షల 50 వేలు!

ఇప్పుడు కాగితం, కలం తీసుకోండి. 5 కోట్లలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పోతే మిగిలింది 2 కోట్ల 39 లక్షల 50 వేలు. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. పవన్ కాక 17 మంది. తలా 14 లక్షల చిల్లర. 25 మందిని తీసుకుంటే తలా 10 లక్షలు కూడా రాదు.

ఆ వేలంలో ఆటగాళ్లను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు చేశారు. కనీస ధరలు వరుసగా 30, 20, 13, 9 లక్షలు. పవన్‌ను కొన్నాక ఎ తరగతి వాళ్లను ఇద్దర్ని కనీస ధరకే తీసుకున్నా 60 లక్షలు పోతాయి. మిగిలిన పదిహేను మందికి తలా 12 లక్షలే. అంటే సి తరగతి కనీస ధర 13 లక్షలు కూడా అందరికీ చాలదు! ఇక జట్టు ఏం చేస్తుంది? 20 లక్షల అనుభవజ్ఞుడి బదులు 9 లక్షల వాడిని వెతుకుతుంది. అదీ భారమైతే తక్కువ జీతానికి వచ్చే కొత్త కుర్రాళ్లతో బెంచీ నింపుతుంది. నాలుగైదు సీజన్లు ఆడి, పట్టులో పదును తెచ్చుకున్న ఆటగాడికి ఇదో చిత్రమైన చిక్కు. అతని అనుభవమే అతని ధర పెంచుతుంది. ఆ ధరే అతన్ని ఇంటికి పంపుతుంది.

పత్తి విత్తనం పండించే నడిగడ్డ రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. పంట బాగా పండించడం ఒక ఎత్తు, రేటు ఇంకెక్కడో తేలడం మరో ఎత్తు.

టైటాన్స్ మూడేళ్ల కథ

పోనీ స్టార్‌కు సగం పర్సు ధారపోస్తే జట్టు గెలిచిందా? 2023-24 సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. పవన్ ఆడలేదని కాదు. ఒక్కడే రైడ్‌కు వెళ్లి, ఒక్కడే పాయింట్లు తెచ్చి, తిరిగొచ్చి కోర్టు మూలన నిలబడితే పట్టు పట్టేవాళ్లు కావాలిగా!

అంతకు ముందు సంవత్సరం ఇంకో విడ్డూరం. 2022లో తమిళ్ తలైవాస్ ఇదే పవన్‌ను 2 కోట్ల 26 లక్షలకు కొంటే, మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. పర్సులో సగం కుర్చీలో కూర్చుంది. చౌకగా దొరికిన మిగతా కుర్రాళ్లే ఆ జట్టును సెమీఫైనల్ దాకా లాక్కెళ్లారు.

2024లో టైటాన్స్ పవన్‌ను మళ్లీ దక్కించుకుంది, ఈసారి కోటీ 72 లక్షల 50 వేలకు. అదే వేలంలో విజయ్ మాలిక్ అనే ఆల్‌రౌండర్‌ను 20 లక్షలకు తీసుకుంది. అచ్చంగా నడిమి వరస ధర! పవన్ గాయపడినప్పుడు జట్టు బరువు మోసింది ఆ 20 లక్షల ఆటగాడే. టైటాన్స్ ఏడో స్థానానికి ఎగబాకింది. 2025లో యాజమాన్యం కోటి రూపాయల జోలికే పోలేదు. భరత్ హూడాను 81 లక్షలకు తీసుకుంది. విజయ్‌ను 51 లక్షల 50 వేలకు నిలబెట్టుకుని కెప్టెన్‌ను చేసింది. 2016 తర్వాత ప్లేఆఫ్ ముఖం చూడని జట్టు ఆ ఏడాది రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. పర్సు పంచిపెట్టడం వల్లే ఇదంతా జరిగిందని తేల్చేయలేం గానీ, నడిమివాళ్లకు కాస్త ఎక్కువిస్తే జట్టు మునిగిపోదని మాత్రం తేలిపోయింది.

మరి పవన్? 2025 వేలంలో తలైవాస్ అతన్ని తీసుకున్నది 59 లక్షల 50 వేలకు. రెండేళ్ల కిందటి ధరలో పావు వంతు కూడా కాదు.

బాస్కెట్‌బాల్ వాళ్లేం చేశారు?

ఈ తలనొప్పి మనకు కొత్త గానీ అమెరికాలో ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ వాళ్లకు పాతదే. 1984-85 నుంచి అక్కడ జట్టు జీతాలకు పరిమితి ఉంది. మొదట 36 లక్షల డాలర్లు. అయితే సొంత ఆటగాడిని నిలబెట్టుకోవడానికి పరిమితి దాటొచ్చని ఓ సడలింపు ఇచ్చారు. దాని ఫలితం వినండి. 1997-98లో జట్టు మొత్తానికి పరిమితి 2 కోట్ల 69 లక్షల డాలర్లు. మైకేల్ జోర్డాన్ ఒక్కడి జీతం 3 కోట్ల 31 లక్షల డాలర్లు!

మర్నాటి ఏడాది యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ పెద్ద గొడవ. లాకౌట్. సీజన్ 50 మ్యాచ్‌లకు కుదించుకుపోయింది. చివరికి 1999లో కుదిరిన ఒప్పందంలో రెండు ముఖ్యమైన సంగతులున్నాయి. ఒకటి, ఒక్క ఆటగాడి జీతానికీ పైగీత. అనుభవాన్ని బట్టి కొత్త ఒప్పందం జట్టు పరిమితిలో 25, 30, మహా అయితే 35 శాతం దగ్గర మొదలవ్వాలి. రెండోది నడిమివాళ్ల కోసం. పరిమితి నిండిపోయిన జట్టు కూడా ఓ మోస్తరు ఆటగాడిని తీసుకునేలా ‘మిడ్ లెవెల్’ మినహాయింపు. 2025-26లో జట్టు పరిమితి దాదాపు 15 కోట్ల 46 లక్షల డాలర్లయితే, ఈ మినహాయింపు కోటీ 41 లక్షల డాలర్లు.

అలాగని అక్కడ నడిమివాళ్లు హాయిగా ఉన్నారనుకుంటే పొరపాటే. 2023 ఒప్పందం తర్వాత ఖర్చు మరీ మితిమీరిన జట్లకు ఈ మినహాయింపు వాడుకునే వీల్లేదు. దాంతో అలాంటి జట్లు ఇద్దరు ముగ్గురు స్టార్లను పెట్టుకుని, మిగతా చోట్లను కనీస జీతాల వాళ్లతో నింపుకుంటున్నాయి. అయినా సరే, ఒక తేడా గమనించాలి. అక్కడ స్టార్ ఒప్పందం మొదలయ్యేది పరిమితిలో 35 శాతం లోపే. మన కబడ్డీలో 2023లో ఒక్కడికి పోయింది 52 శాతం!

క్రికెట్‌లోనూ ఈ లెక్క తప్పలేదు. ఐపీఎల్‌లో 2025 సీజన్‌కు పర్సు 120 కోట్లు. సన్‌రైజర్స్ హైదరాబాద్ అట్టిపెట్టుకున్న ఐదుగురికే 75 కోట్లు పోయాయి. అందులో క్లాసెన్‌ది 23 కోట్లయితే, అంతకు ముందు 20 లక్షలకు ఆడిన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిది 6 కోట్లు. మిగిలిన జట్టంతా 45 కోట్లలో సర్దుకుంది. 30 లక్షల అనికేత్ వర్మ సిక్సర్లు ఆ సర్దుబాటులో దొరికినవే. 2025 డిసెంబర్ వేలంలో కామెరాన్ గ్రీన్‌ను కోల్‌కతా 25 కోట్ల 20 లక్షలకు పాడినా, విదేశీ ఆటగాళ్లకు పెట్టిన గీత వల్ల అతని చేతికి దక్కేది 18 కోట్లే. మిగతాది ఆటగాళ్ల సంక్షేమానికి. గీత గీయాలనుకుంటే గీయొచ్చన్నమాట.

మళ్లీ నాయిన ప్రశ్న దగ్గరికి

9 లక్షలో, 13 లక్షలో చిన్న మొత్తమేం కాదు. కూలి కోసం ముంబయి, పుణె బస్సెక్కిన పాలమూరు కుటుంబాలకు ఆ సంగతి బాగా తెలుసు. కాకపోతే అది నెలనెలా వచ్చే జీతం కాదు, సీజన్‌కు కుదిరిన ధర. పన్ను కోత ఉంటుంది. వచ్చే వేలంలో పేరు పిలుస్తారో లేదో తెలీదు. మోకాలు ఒక్కసారి మెలిపడితే ఆట అక్కడితో సరి.

అందుకే ఆటలో పండినవాళ్లు చాలామంది లీగ్‌ను పంటగా, ఉద్యోగాన్ని పొలంగా చూసుకుంటారు. రైల్వే, సర్వీసెస్, ప్రభుత్వరంగ సంస్థల జట్లలో చోటు దొరికితే అదే కొండంత అండ. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 2 శాతం కోటా ఉంది. దానికి పనికొచ్చేది జాతీయ, అంతర్జాతీయ పోటీల సర్టిఫికెట్టే గానీ, వేలంలో పలికిన ధర కాదు. కాబట్టి జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు ఎంపికలు వదులుకుని ప్రైజ్ మనీ టోర్నీల వెంట తిరిగే కుర్రాడికి ఇంట్లోవాళ్లు ముందు చెప్పాల్సిన లెక్క ఇది.

ఒకప్పుడు 2 కోట్ల 60 లక్షలు పలికిన పవన్ సెహ్రావత్ కూడా జాతీయ పోటీల్లో రైల్వే జట్టుకు ఆడినవాడే.