ఇసుక పోసినా ఆగని మంట: లిథియం బ్యాటరీకి లోపలే ఆక్సిజన్ ఎక్కడిది?

2022 వేసవిలో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగుకు పెట్టిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అప్పటి నుంచి స్కూటర్ కొనబోయేవాళ్లు అడుగుతున్నది ఒకటే: అసలు బ్యాటరీ ఎందుకు అంటుకుంటుంది? నాసిరకం చార్జర్, ఎండ, సరిగ్గా కట్టని ప్యాక్ అని చెబుతుంటారు. ఆ జవాబులు తప్పు కావు. కానీ అవన్నీ నిప్పు ఎలా రాజుకుందో చెప్పేవే. రాజుకున్నాక లోపల అంత వేగంగా మండేదేమిటో, దాన్ని ఆర్పడం ఎందుకంత కష్టమో తెలియాలంటే ఎలక్ట్రోడ్ల దాకా వెళ్లాలి.

సెల్ విప్పితే కనిపించేది పొడవాటి రేకుల చుట్ట. రాగి రేకు మీద గ్రాఫైట్ పూత ఉంటుంది, అది ఆనోడ్. అల్యూమినియం రేకు మీద లిథియం కలిసిన లోహపు ఆక్సైడ్ పూత ఉంటుంది, అది కేథోడ్. రెండూ తగలకుండా మధ్యలో వెంట్రుక కన్నా పల్చటి ప్లాస్టిక్ పొర, సెపరేటర్. అన్నిటినీ తడుపుతూ ఎలక్ట్రోలైట్ అనే ద్రవం. చార్జింగ్ పెడితే లిథియం అయాన్లు కేథోడ్‌ను వదిలి గ్రాఫైట్ పొరల్లోకి దూరతాయి. బండి నడిపితే తిరిగొస్తాయి. ఆ ద్రవం కర్బన ద్రావణి. అది సులభంగా మండుతుందని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఏదో కారణంగా లోపల షార్ట్ అయి వేడి పెరుగుతోందనుకుందాం. 80 నుంచి 120 డిగ్రీల మధ్య గ్రాఫైట్ మీదుండే రక్షణ పొర విడిపోవడం మొదలై, ఇంకొంచెం వేడిని పుట్టిస్తుంది. 130 డిగ్రీల ప్రాంతంలో పాలిథిలీన్ సెపరేటర్ కరుగుతుంది. ఎలక్ట్రోడ్లు ఒకదానికొకటి తగులుతాయి. 200 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి నికెల్ ఎక్కువున్న కేథోడ్ తన ఆక్సిజన్‌ను వదలడం మొదలుపెడుతుంది. ఇక్కడితో వేడి చెయ్యి దాటిపోతుంది. ఇంధనం లోపలే ఉంది, ఆక్సిజన్ కూడా లోపలే పుట్టింది. పైన ఇసుక పోస్తే బయటి మంటకు గాలి అందకపోవచ్చు గానీ లోపలి చర్యకు ఆ గాలితో పని లేదు. అగ్నిమాపక సిబ్బంది అంతంత నీళ్లు కొట్టేది ప్యాక్‌ను చల్లబరచడానికే. ఒక సెల్ వేడి పక్క సెల్‌ను అంటిస్తుంది, పూరిళ్ల వరుసలో ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకు మంట పాకినట్టే.

కేథోడ్ ఆక్సిజన్‌ను ఎందుకు వదులుతుంది? ఎన్‌ఎంసీ అని పిలిచే రకంలో నికెల్, మాంగనీస్, కోబాల్ట్ పొరలు పొరలుగా ఆక్సిజన్‌తో కలిసి ఉంటాయి. పొరల మధ్య లిథియం. చార్జ్ నిండుతున్నకొద్దీ లిథియం వెళ్లిపోతుంది, దాంతోపాటు నికెల్ ఎలక్ట్రాన్లను కోల్పోతుంది. ఆ స్థితిలో నికెల్ కుదురుగా ఉండలేదు. వేడి తగలగానే పక్కనున్న ఆక్సిజన్ దగ్గర ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, ఆక్సిజన్ వాయువై బయటపడుతుంది. పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ ఎక్కువ ప్రమాదకరం కావడానికి ఇదొక ముఖ్య కారణం.

అలాంటప్పుడు ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకునేదాన్ని తెచ్చి పెడితే? సరిగ్గా అదే చేశారు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ కేథోడ్‌ను కనిపెట్టిన జాన్ గుడెనఫ్, తర్వాత అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. తమిళనాడులో పుట్టిన అరుముగం మంథిరామ్‌తో కలిసి 1980ల చివర్లో, సల్ఫేట్ లాంటి సమూహాలున్న ఇనుప సమ్మేళనాలను పరీక్షించారు. ఆ దారిలోనే 1997లో పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ గురించి ప్రకటించారు. ఇప్పుడు అందరూ ఎల్‌ఎఫ్‌పీ అంటున్నది దాన్నే. ఇందులో ప్రతి ఆక్సిజన్ పరమాణువూ ఫాస్ఫరస్‌తో బలమైన బంధంలో ఉంటుంది. లిథియమంతా వెళ్లిపోయినా మిగిలే ఐరన్ ఫాస్ఫేట్ తన చట్రాన్ని నిలుపుకుంటుంది. వేడెక్కినా ఆక్సిజన్ అంత తేలిగ్గా ఊడిరాదు.

కనిపెట్టినంత మాత్రాన బ్యాటరీ అయిపోలేదు. ఈ పదార్థంలో ఎలక్ట్రాన్లు చాలా మెల్లగా కదులుతాయి. పొడిని సూక్ష్మంగా నూరి, ప్రతి రేణువుకూ కార్బన్ పూత వేస్తే తప్ప అది పనికి రాలేదు. ఆ పూత వేసే పద్ధతి నాకు చాలా ఇష్టం. లిథియం, ఇనుము, ఫాస్ఫేట్ లవణాల మిశ్రమంలో గ్లూకోజ్ లాంటి చక్కెరను కలిపి, ఆర్గాన్ లేదా నైట్రోజన్ నిండిన కొలిమిలో 700 డిగ్రీల దాకా కాలుస్తారు. గాలి తగిలితే ఇనుము ఇంకా ఆక్సీకరణ చెంది పదార్థం పాడవుతుంది కాబట్టే ఆ వాయువులు. చక్కెర మాడి బొగ్గుగా మారి రేణువులను అంటుకుంటుంది. కొలిమి నుంచి నల్లటి పొడి వస్తుంది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధనా కేంద్రం ఈ ఎల్‌ఎఫ్‌పీ మీద ఏళ్ల తరబడి పనిచేసింది.

పదార్థం భద్రమైనదని ఎలా తేలుస్తారు? చార్జ్ చేసిన సెల్‌ను విప్పి, కేథోడ్ పొడిని కొన్ని మిల్లీగ్రాములు చిన్న లోహపు గిన్నెలో ఎలక్ట్రోలైట్‌తో కలిపి మూసేస్తారు. డీఎస్‌సీ అనే యంత్రంలో నిమిషానికి కొన్ని డిగ్రీల చొప్పున వేడి చేస్తారు. ఏ ఉష్ణోగ్రత దగ్గర పదార్థం తనంతట తాను వేడిని విడుదల చేసిందో గ్రాఫ్‌లో శిఖరంలా లేస్తుంది. నికెల్ ఎక్కువున్న పొడికి ఆ శిఖరం త్వరగా, ఎత్తుగా వస్తుంది. ఎల్‌ఎఫ్‌పీకి ఆలస్యంగా, చిన్నగా వస్తుంది. సెల్ మొత్తాన్ని పరీక్షించాలంటే పూర్తిగా చార్జ్ చేసి ఇనుప మేకు దింపుతారు.

మరి నష్టమేమీ లేదా అంటే ఉంది. ఎల్‌ఎఫ్‌పీ వోల్టేజ్ తక్కువ, బరువుకు తగ్గ శక్తీ తక్కువ. ఎన్‌ఎంసీ సెల్ కిలోకు సుమారు 200 నుంచి 260 వాట్-అవర్లు ఇస్తే, ఎల్‌ఎఫ్‌పీ 150 నుంచి 180 దగ్గర ఆగుతుంది. అంటే అదే బరువుకు స్కూటర్ తక్కువ దూరం పోతుంది. అయినా మే నెల ఎండలో తిరిగి, రాత్రి పిల్లలు పడుకునే గది పక్కనే చార్జింగ్ పెట్టే బండికి పది, ఇరవై కిలోమీటర్లు తగ్గినా ఎల్‌ఎఫ్‌పీయే సరైనదని నా గట్టి అభిప్రాయం. కొనేటప్పుడు రేంజ్ ఎంతని అడిగే ముందు సెల్ ఏ రకమని అడగాలి. కాగితం మీద రాసివ్వమని కూడా అడగాలి.

ఇదంతా కేథోడ్ గురించి. ఆనోడ్ సంగతి వేరు. గ్రాఫైట్ వోల్టేజ్ లిథియం లోహానికి చాలా దగ్గర, 0.1 వోల్ట్ తేడా మాత్రమే. మరీ వేగంగా గానీ గడ్డకట్టే చలిలో గానీ చార్జ్ చేస్తే, లోపలికి దూరాల్సిన లిథియం పైనే లోహంగా పేరుకుంటుంది. అది సూదుల్లా పెరిగి సెపరేటర్‌ను గుచ్చవచ్చు. 1989లో కెనడాకు చెందిన మోలీ ఎనర్జీ లిథియం లోహపు బ్యాటరీలతో జపాన్‌లో సెల్‌ఫోన్లు అంటుకున్నప్పుడు ఈ ముప్పు అందరికీ తెలిసొచ్చింది. 1991లో సోనీ అమ్మిన బ్యాటరీలో ఆనోడ్‌గా లోహం బదులు కార్బన్ వచ్చింది. ఇంకా జాగ్రత్త కావాలంటే ఆనోడ్‌గా లిథియం టైటనేట్ ఉంది. దాని వోల్టేజ్ లిథియం లోహం కన్నా 1.55 వోల్టులు ఎక్కువ కాబట్టి మామూలు వాడుకలో లోహం పేరుకోదు. లిథియం వచ్చిపోయినా దాని పరిమాణం దాదాపు మారదు, అందుకే వేల సార్లు చార్జ్ అవుతుంది. అయితే ఆ వోల్టేజ్ వల్లే సెల్ శక్తి బాగా పడిపోతుంది. బస్సుకు సరిపోతుంది గానీ చేతి ఫోనుకు సరిపోదు.

ఎల్‌ఎఫ్‌పీ పెడితే ఇక అంటుకోదా? ఆ మాట ఎవరైనా చెబితే నమ్మకండి. ఆక్సిజన్ రాకపోయినా ఎలక్ట్రోలైట్ అదే మండే ద్రవం. సెల్ బాగా వేడెక్కితే హైడ్రోజన్ కలిసిన వాయువులను కక్కుతుంది. మూసిన గదిలో అవి పోగైతే నిప్పురవ్వతో పేలవచ్చు. అందుకే ఎల్‌ఎఫ్‌పీ ప్యాక్‌లోనూ వాయువులు బయటకు పోయే దారి, ప్రతి సెల్ వోల్టేజ్‌నూ వేడినీ కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ ఉండాలి. చార్జింగ్ పెట్టే చోట గాలి ఆడాలి. మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా పెట్టకూడదు.