తొందరపడిన పత్రిక

1948వ సంవత్సరము నవంబరు 2వ తేదీన అమెరికాలో అధ్యక్షపదవికి ఎన్నిక జరిగెను. అప్పటి అధ్యక్షుడైన హారీ ట్రూమనును థామస్ డ్యూయీ ఓడించునని పెక్కుమంది తలచిరి. చికాగో డైలీ ట్రిబ్యూన్ పత్రికలో అక్షరములు కూర్చు పనివారు సమ్మెలో నుండుటచే ఆ రాత్రి పత్రికను ముందుగనే అచ్చువేయవలసి వచ్చెను. ఓట్ల లెక్క ముగియకమునుపే డ్యూయీ గెలిచెనని పెద్ద అక్షరములతో ప్రకటించిరి. మరునాడు డ్యూయీ తన ఓటమిని అంగీకరించెను. అధ్యక్షుని ఎన్నుకొను ప్రతినిధుల ఓట్లలో ట్రూమనుకు 303, డ్యూయీకి 189 లభించెను. పిమ్మట సెయింట్ లూయీస్ రైలుస్టేషనులో ట్రూమను ఆ పత్రికనే పైకెత్తి నవ్వుచు జనులకు చూపెను.

వార్త ఒక పూట ఆలస్యమైనచో నష్టము స్వల్పము. ఓట్లు లెక్కింపకయే తీర్పు చెప్పినచో ఓటరునకు అవమానము, పత్రికకు అపకీర్తి. కడపటి ఓటు లెక్కకు వచ్చువరకు ఓపిక పట్టుటయే పత్రికకు భూషణము.