పేరులేని వేషముల రాణి

చలనచిత్రములో విందు జరుగుచుండును. నాయికానాయకులు ఒకమూల నిలిచి మాటాడుకొందురు; మన చూపంతయు వారిమీదనే. వారి వెనుకగా, పట్టుగౌను ధరించి చిరునవ్వుతో నడచిపోవు నిండైన స్త్రీని గమనించువా రెవ్వరు? పూర్వపు అమెరికా చిత్రములలో ఆ స్త్రీ పెక్కుమారులు ఒక్కతెయే. ఆమె పేరు బెస్ ఫ్లవర్స్.

టెక్సాసు రాష్ట్రమందలి షెర్మన్ పట్టణమున 1898లో జన్మించి, 1923లో మూకీచిత్రములలో ప్రవేశించినది. నాలుగు దశాబ్దములలో 800కు పైగా చిత్రములందు కనబడినది. తొలినాళ్లలో కొంచెము పెద్దవేషములును లభించినవి. 1928 నాటి 'వీ ఫా డౌన్' అను హాస్యచిత్రమున లారెల్ భార్య ఆమెయే. పిమ్మట నటీనటుల పట్టికలలో ఆమె పేరు తరచు కానరాదు. ఆమె మాత్రము తెరమీదనే యున్నది.

ఎక్‌స్ట్రాలనబడు ఇట్టివారు తొలుత స్టూడియో గుమ్మములకడ పడిగాపులు పడియుండెడివారు. పని యిప్పించు దళారులు వారి కూలిలో పాలు కాజేయుచుండిరి. ఈ బాధ తొలగించుటకై 1925లో సెంట్రల్ కాస్టింగ్ అను కార్యాలయము ఏర్పడినది. అప్పటినుండి గుమ్మమునకు మారు టెలిఫోను! ఎన్నిసార్లు పిలిచినను 'ఇప్పుడు పనిలేదు' అను మాటయే తరచు వినవచ్చెడిది.

ఇందులోను తరగతులుండెను. సొంతముగా మేలైన దుస్తులు కలవారు 'డ్రెస్ ఎక్‌స్ట్రా'లు. వారి దినకూలి తక్కినవారికన్న హెచ్చు. పొడగరియు, ఠీవిగలదియు నగు బెస్ ఫ్లవర్స్ ఈ తరగతిలో అగ్రగణ్య. పగటివిందునకొకటి, రాత్రి నాట్యమునకొకటి, న్యాయస్థానమునకొకటి, అన్నియు తన పెట్టెలోనివే. మన యిండ్లలో పెండ్లికి పోవుటకు ఒక చీర యెంచుకొనుటయే యెంత ప్రయాస! అక్కడ ఫ్యాషను మారినపుడెల్ల పెట్టె మారవలెను. హెచ్చుకూలిలో ఎంత దర్జీ పాలయ్యెడిదో గృహిణులకు వేరుగ చెప్పనక్కరలేదు.

పనియు సులభము కాదు. కెమెరావంక చూడరాదు. ముఖ్యపాత్రలు మాటాడునపుడు వీరు చప్పుడు కానీయక పెదవులు కదల్చుచు సంభాషించుచున్నట్లు అభినయింపవలెను. దృశ్యమును పదిసార్లు తీసినచో పదిసార్లును అదే అడుగు, అదే నవ్వు. గుంపులో గోవిందయ్య అని మనము తేలికగా నందుము గాని, ఆ గోవిందయ్య తడబడినచో నాయకుని నటన యంతయు మరల మొదటికి రావలసినదే.

ఉత్తమచిత్రముగా ఆస్కారు బహుమానము పొందినవానిలో అయిదింట ఆమె కలదు. 1950 నాటి 'ఆల్ ఎబౌట్ ఈవ్'లో బహుమతి పొందిన నటిని అభినందించు అతిథి ఆమెయే. ఇంతటి అనుభవశాలిని తన పని తాను చూచుకొని యూరకుండలేదు. 1945లో ఎక్‌స్ట్రాలు తమకై ప్రత్యేకముగ సంఘము స్థాపించుకొనినపుడు ఆమె స్థాపకులలో నొకతె. పేరు వేయని పనికి కూలియైనను న్యాయముగ నుండవలెను గదా!

1984 జూలై 28న, లాస్ ఏంజెల్స్ నగరమందలి వుడ్‌లాండ్ హిల్స్‌లో, చలనచిత్ర వృత్తిలో వృద్ధులైనవారికొరకు నెలకొల్పిన గృహమున ఆమె కన్నుమూసినది.

ఇదంతయు తెలిసిన పిదప మేము 1954 నాటి 'రియర్ విండో'ను మరల చూచితిమి. ఎదుటియింట సంగీతకర్త గదిలో విందు. చేత కుక్కపిల్లతో నున్న యొక స్త్రీ. హత్య సంగతి యట్లుంచి, మా కన్నులు ఆ కిటికీనే వెదకినవి.