ముందు ఆఫీసరు... తర్వాతే కమాండో

విజయనగరం: సినిమాలో కమాండో హెలికాప్టరు నుంచి తాడు పట్టుకుని దిగితే హాలంతా ఈలలు. మర్నాడు ఊళ్లో ఇంటర్ చదివే కుర్రాడు “నేనూ కమాండో ఆఫీసరునవుతా” అంటాడు. తండ్రికి ఏం చెప్పాలో పాలుపోదు. ఊళ్లో మాజీ జవాను ఎవరైనా ఉంటే ఆయన్ని అడుగుతాడు. లేకపోతే పట్నంలో కోచింగ్ సెంటరు బోర్డు చూసి, అప్పో సప్పో చేసి ఫీజు కడతాడు.

ఆ ఫీజు కట్టేముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. సైన్యంలో కమాండో ఆఫీసరు ఉద్యోగానికని విడిగా దరఖాస్తు లేదు, పరీక్ష లేదు. ముందు అందరిలాగే ఆఫీసరు కావాలి. ఆ తర్వాత తనంతట తాను ముందుకొచ్చి, ప్రత్యేక దళం పెట్టే పరీక్షకు నిలబడాలి. నెగ్గితే కమాండో. నెగ్గకపోతే వేరే రెజిమెంటులో ఆఫీసరు. ఉద్యోగం ఎక్కడికీ పోదు.

నెగ్గినవాడి సంగతి మాత్రం? పదిహేనేళ్ల తర్వాత అతడు ఎక్కడుంటాడు? సినిమా అక్కడిదాకా రాదు.

దళం పుట్టుక

1965 యుద్ధంలో మేజర్ మేఘ్ సింగ్ స్వచ్ఛందంగా వచ్చిన జవాన్లతో చిన్న దళం కట్టి, శత్రువు వెనక్కు పోయి దెబ్బతీశాడు. ఆ దళానికి మేఘదూత్ అని పేరు. అది ఇచ్చిన ఫలితం చూసి 1966లో 9వ పారా కమాండో బెటాలియన్‌ను నెలకొల్పారు. మరుసటి ఏడు దానిలోంచే 10వ పారా వచ్చింది. మొదటిది కొండల్లో, రెండోది ఎడారిలో పోరాడటానికి తర్ఫీదు పొందాయి. 1971 యుద్ధంలో లెఫ్టినెంట్ కల్నల్ భవానీ సింగ్ నాయకత్వాన 10వ పారా పాకిస్తాన్ లోపలికి చొచ్చుకుపోయి ఛాఛ్రో మీద దాడి చేసింది. జయపూర్ రాజవంశీకుడైన ఆయనకు మహావీర చక్ర లభించింది. ఇటువంటి బెటాలియన్లనే ఇప్పుడు పారా స్పెషల్ ఫోర్సెస్ అంటున్నారు. చింతలవలస పోలీసు పటాలాన్ని చూసిన మన జిల్లావాసులకు బెటాలియన్ అన్న మాట కొత్త కాదు.

నావికాదళానికి 1987లో మార్కోస్, వైమానిక దళానికి 2004లో గరుడ దళం ఏర్పడ్డాయి. మార్కోస్ కోసం ప్రత్యేకించిన ఐ.ఎన్.ఎస్. కర్ణ స్థావరం 2016లో మన పొరుగునే, భీమునిపట్నం దగ్గర ప్రారంభమైంది. నేషనల్ సెక్యూరిటీ గార్డ్ వేరు. అది 1984లో పుట్టింది. దానికి సైన్యంలోని వివిధ రెజిమెంట్ల నుంచి ఆఫీసర్లు కొన్నేళ్ల కోసం వచ్చి వెళతారు. 2008లో బొంబాయి తాజ్ హోటల్‌లో ప్రాణాలర్పించిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ అలా బీహార్ రెజిమెంటు నుంచి వచ్చినవాడే.

ఆఫీసరు కావడానికి దారులు

మొదటి దారి ఇంటర్ తర్వాత. యు.పి.ఎస్.సి. ఏటా రెండుసార్లు నిర్వహించే ఎన్.డి.ఎ. పరీక్షకు పదహారున్నర, పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య ఉన్న అవివాహితులు కూర్చోవచ్చు. సైన్యం విభాగానికి ఇంటర్‌లో ఏ గ్రూపయినా ఫరవాలేదు. దరఖాస్తు రుసుము 100 రూపాయలు. ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు, ఆడపిల్లలకు అదీ లేదు. లెక్కలకు 300, జనరల్ పేపరుకు 600 మార్కులు. అది దాటితే ఐదు రోజులపాటు ఎస్.ఎస్.బి. ఇంటర్వ్యూ, దానికి మరో 900. ఎంపికైనవారికి ఖడక్వాస్లాలో మూడేళ్లు, డెహ్రాడూన్‌లో ఒక ఏడు శిక్షణ. ఖర్చు ప్రభుత్వానిదే.

రెండో దారి డిగ్రీ తర్వాత సి.డి.ఎస్. పరీక్ష. దీనిద్వారా డెహ్రాడూన్‌కు గాని, షార్ట్ సర్వీసు కోసం మద్రాసు అకాడమీకి గాని వెళ్లవచ్చు. మూడో దారి జవాన్లకు. సిపాయిగా చేరిన కుర్రాడు సర్వీసులో ఉంటూనే ఆర్మీ కేడెట్ కాలేజీకి ఎంపికై, డెహ్రాడూన్‌లో చదివి ఆఫీసరు కావచ్చు. ఈ సంగతి మన ఊళ్లలో చాలామందికి తెలియదు.

చిక్కు భాష దగ్గర వస్తోంది. ఎన్.డి.ఎ. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీలలోనే ఉంటుంది. తెలుగు మీడియం కుర్రాడు లెక్కల్లో గట్టివాడైనా, ఇంగ్లీషులో వెనుకబడి జాబితాలో కిందికి జారిపోతాడు. కనుక సన్నాహం ఇంటర్‌లో మొదలుపెడితే ఆలస్యమే. 1962లో మొదలైన కోరుకొండ సైనిక పాఠశాల ఈ లోటు తీర్చడానికే మన జిల్లాలో ఉన్నదనుకోవచ్చు. అక్కడ 6వ తరగతి ప్రవేశ పరీక్ష తెలుగులో రాయవచ్చు. 9వ తరగతికి మాత్రం ఇంగ్లీషే. 2020 జూన్‌లో గాల్వాన్ లోయలో అమరుడైన కల్నల్ సంతోష్ బాబు కోరుకొండ విద్యార్థే. ఆయన కమాండో కాడు, బీహార్ రెజిమెంటు 16వ బెటాలియన్ అధిపతి.

సైనిక పాఠశాలల్లో ఆడపిల్లలకు 2021 నుంచి ప్రవేశముంది. 2022లో ఎన్.డి.ఎ.లో చేరిన మొదటి జట్టు అమ్మాయిలు 2025లో చదువు ముగించుకుని బయటికొచ్చారు. అయితే 2025 నాటికి పదాతి దళాలు, వాటితోపాటు పారా ప్రత్యేక దళాలు మగవారివే.

మూడు నెలల గండం

డెహ్రాడూన్‌లో శిక్షణ ముగిసే సమయంలో పారాచూట్ రెజిమెంటు కోరుకోవచ్చు. లేదా వేరే రెజిమెంటులో ఒకటి రెండేళ్లు పనిచేసి రావచ్చు. ఎలా వచ్చినా ప్రొబేషన్ తప్పదు. అది 3 నెలలు. వీపున బరువు మోస్తూ పదుల కిలోమీటర్ల పరుగు నడక, నిద్ర లేని రాత్రులు, తిండి లేని పగళ్లు. నేర్పేవాడు హవల్దారు కావచ్చు, అతని మాటే మాట. భుజం మీది నక్షత్రాలకు అక్కడ విలువ లేదు. ఆఫీసరుకూ జవానుకూ పరీక్ష ఒక్కటే.

కారణం లేకపోలేదు. రాత్రిపూట అడవిలో ఆరుగురు మనుషులు ఒకరి ప్రాణం మరొకరి చేతిలో పెట్టి నడవాలి. నడిపించేవాడు అలసిపోయినప్పుడు ఎలా ఆలోచిస్తాడో ముందే తెలియాలి. అది కాగితం మీద తేలే విషయం కాదు. ఎందరో మధ్యలోనే వెనుదిరుగుతారు. దాన్ని ఎవరూ చిన్నతనంగా చూడరు.

దీనితోపాటు ఆగ్రాలోని వైమానిక దళ శిక్షణ పాఠశాలలో విమానం నుంచి ఐదుసార్లు దూకాలి, అందులో ఒకటి రాత్రిపూట. పారాచూట్ దళాలన్నిటిదీ ముదురు ఎరుపు టోపీ. ప్రత్యేక దళంవారికి అదనంగా ‘బలిదాన్’ బ్యాడ్జీ ఉంటుంది. 2019 ప్రపంచ కప్‌లో ధోనీ చేతి గ్లవ్స్ మీద కనిపించి వివాదమైంది ఆ గుర్తే.

నిచ్చెన ఇరుకవుతుంది

దళంలోకి వచ్చిన కుర్ర లెఫ్టినెంటు చిన్న జట్టుతో మొదలుపెడతాడు. 2 ఏళ్లకు కెప్టెన్, 6 ఏళ్లకు మేజర్, 13 ఏళ్లకు లెఫ్టినెంట్ కల్నల్. శాఖాపరమైన పరీక్షలు నెగ్గితే ఇంతవరకు సర్వీసు లెక్కనే పదోన్నతులు వస్తాయి. మేజర్‌గా ఒక టీమును నడిపే రోజులే కమాండో ఆఫీసరుకు అసలైన రోజులు. మధ్యలో మిజోరంలోని వైరెంగ్టేలో అడవి యుద్ధం, గుల్మార్గ్‌లో మంచుకొండల యుద్ధం నేర్చుకుంటాడు.

కల్నల్ హోదా దగ్గర నిచ్చెన ఇరుకవుతుంది. ఒక బెటాలియన్‌కు ఒక్కడే అధిపతి. కల్నల్ పదవికి బోర్డు కూర్చుని ఎంపిక చేస్తుంది. ఏటా పై అధికారి రాసిన రహస్య నివేదికలు, చేసిన కోర్సులు, డాక్టర్లిచ్చిన వైద్య శ్రేణి, అన్నీ చూస్తారు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి పోటీ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నవాడికి మొగ్గు ఉంటుంది. అంటే అడవిలో తిరిగినవాడు పుస్తకం కూడా పట్టాలి. ఎంపిక కానివారు 26 ఏళ్ల సర్వీసు పూర్తయ్యాక సర్వీసు లెక్కన కల్నల్ కావచ్చు. బెటాలియన్ మాత్రం చేతికి రాదు.

దెబ్బల సంగతి కూడా చెప్పుకోవాలి. పారాచూట్ దూకుళ్లలో మోకాళ్లు, నడుము దెబ్బతింటాయి. వైద్య శ్రేణి తగ్గితే దళంలో తిరగడం కష్టం. ఆ ఆఫీసరు బల్ల ముందు కూర్చునే పనికో, శిక్షణ పాఠశాలకో వెళతాడు.

ముగ్గురు నడిచిన దారులు

లెఫ్టినెంట్ జనరల్ ప్రకాశ్ కటోచ్ ఈ దళం మనిషి. నాగాలాండ్, మణిపూర్‌లలో కమాండో కంపెనీని, శ్రీలంకలో ప్రత్యేక దళ బెటాలియన్‌ను నడిపాడు. 1999 కార్గిల్ పోరు రోజుల్లో సియాచిన్ మంచుమీద బ్రిగేడుకు, తర్వాత లడఖ్‌లో డివిజన్‌కు, ఆపైన ఒక దాడి కోర్‌కు అధిపతి అయ్యాడు. చివరికి సైన్యంలో సమాచార వ్యవస్థల డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశాడు. బ్రిగేడియర్ హోదా వచ్చాక కమాండో అన్న ముద్ర వెనక్కు పోతుంది. అందరిలాగే ఫిరంగులు, ట్యాంకులు, సరఫరాలు అన్నీ చూసుకోవాలి. లెఫ్టినెంట్ జనరల్‌కు 60 ఏళ్లదాకా సర్వీసు ఉంటుంది. అక్కడికి చేరేది బహు కొద్దిమంది.

మేజర్ సుధీర్ వాలియాది వేరే దారి. హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన సైనికుని కొడుకు, అక్కడి సైనిక పాఠశాల విద్యార్థి. 1988లో జాట్ రెజిమెంటులో చేరి, తర్వాత 9వ పారాకు వచ్చాడు. సైన్యాధిపతి జనరల్ మాలిక్ దగ్గర ఏ.డి.సి.గా ఢిల్లీలో ఉండగా కార్గిల్ యుద్ధం వచ్చింది. తన పటాలానికి పంపమని కోరి వెళ్లాడు. యుద్ధం ముగిశాక, 1999 ఆగస్టు 29న కుప్వారా అడవుల్లో తీవ్రవాదులతో పోరాడుతూ మరణించాడు. మరణానంతరం అశోక చక్ర ఇచ్చారు.

కల్నల్ సంతోష్ మహాడిక్ సతారా జిల్లాలోని పల్లెటూరి బిడ్డ. సతారా సైనిక పాఠశాలలో చదివి 21వ పారాలో చేరాడు. తర్వాత కాశ్మీర్‌లో 41వ రాష్ట్రీయ రైఫిల్స్ అధిపతి అయ్యాడు. ప్రత్యేక దళం నుంచి బయటికొచ్చి మామూలు పటాలాన్ని నడపడం కూడా ఈ వృత్తిలో ఒక మెట్టే. అధిపతి అయినా ముందు వరసలో నడిచే అలవాటు పోలేదు. 2015 నవంబరు 17న కుప్వారాలో నేలకొరిగాడు. ఇద్దరు పిల్లల తల్లి అయిన ఆయన భార్య స్వాతి మద్రాసు అకాడమీలో శిక్షణ పొంది 2017 సెప్టెంబరులో లెఫ్టినెంటుగా సైన్యంలో చేరింది.

జీతం, పింఛను

2016 నుంచి అమలైన వేతన స్కేలులో లెఫ్టినెంటు మూల వేతనం 56,100 రూపాయలు. దానిమీద మిలటరీ సర్వీస్ పే 15,500, ఇతర భత్యాలు. ప్రత్యేక దళంలో పనిచేసే ఆఫీసరుకు 2017 సవరణలో నెలకు 25,000 భత్యం నిర్ణయించారు. దళంలో ఉన్నంతకాలమే అది వస్తుంది. పూర్తి కమిషన్ ఆఫీసరుకు 20 ఏళ్ల సర్వీసు ఉంటే పింఛను. షార్ట్ సర్వీసులో 10 ఏళ్లు, కోరితే మరో 4. అప్పుడు బయటికొస్తే గ్రాట్యుటీ ఉంటుంది, పింఛను ఉండదు. ఈ తేడా దరఖాస్తు నింపేటప్పుడే చూసుకోవడం మంచిది.

ఇంట్లో మాట్లాడుకోవలసినవి

కొడుకు ఆఫీసరైతే ఇంటికి గౌరవం. కమాండో అయితే అతడు ఏ కొండమీద ఉన్నాడో తల్లికి తెలియని నెలలు ఉంటాయి. పండక్కి వస్తాడన్న నమ్మకం ఉండదు. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవైపు వారికి ఈ మాట ముందే చెప్పుకోవాలి. కుర్రాడు ఒక్కడే స్వచ్ఛందంగా వెళ్లినట్టు కాగితం మీద ఉంటుంది, నిజానికి ఇల్లంతా వెళుతుంది.

సీటు ఇప్పిస్తామని, ఎస్.ఎస్.బి. దాటిస్తామని డబ్బడిగేవారిని నమ్మరాదు. 3 నెలల ప్రొబేషన్‌లో ఎవరి సిఫారసూ వెంట నడవదు. వివరాలు కావలసినవారు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో గాని, కోరుకొండ పాఠశాలలో గాని అడిగి తెలుసుకోవచ్చు. 6వ తరగతి ప్రవేశానికి వయసు 10, 12 ఏళ్ల మధ్య ఉండాలి. ఈ ఏడు ఐదో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడే ఆలోచించవలసిన విషయమిది.