బొమ్మకో అడ్రసు

పొద్దుగాల పాశమైలారంల డ్యూటీ, రాత్రి కుంచె. గిట్ల బతికే తమ్ముళ్లు, చెల్లెండ్లు మా ఇస్మాయిల్‌ఖాన్‌పేట దిక్కు ఉన్నరు. బొమ్మలన్నీ ఫోన్లనే, ఇన్‌స్టాలనే. అకౌంట్ లాకైతే ఏం మిగులుతది?

నేను గోడల మీద నినాదాలు రాసినోన్ని. గోడలకు సున్నమేసిన్రు, ఫ్లెక్సీలొచ్చినయి. ఒక్క ఫొటో తీసి పెట్టుకోలే. ఇయ్యాల ఎవలన్న అడిగితే సూపెట్టనీకి ఏం లేదు.

అందుకే సొంత వెబ్‌సైట్ పెట్టుకోమంటున్న. జీమెయిల్ ఉంటే గూగుల్ సైట్స్ ఉచితం, కోడింగ్ అక్కర్లేదు. ఫోన్ల కష్టం గని, కంప్యూటర్ ముందల ఒక్క పూట కూసుంటే అయితది. సొంత పేరుతోని డొమైన్‌కు ఏటా కిరాయి కట్టాలె. అది తర్వాత సూసుకోవచ్చు.

యాభై బొమ్మలొద్దు, మంచియి పది చాలు. నీడపట్టున, పగటి వెలుతురుల ఫొటో తియ్యున్రి. ఫ్లాష్ కొడితే రంగు మారుతది. బొమ్మ కింద పేరు, కొలత, ఏ రంగులు, దేని మీద ఏసిన్రు, ఏ సంవత్సరం రాయాలె. ఊరి పేరు మర్వకున్రి. చేర్యాల నకాషీ బొమ్మను జనం ఊరి పేరుతోనే గుర్తువడ్తరు గద!

దొంగతనం భయమా? చిన్న సైజు ఫొటోలే పెట్టున్రి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకున్నా హక్కు ఏసినోళ్లదే, పోయినంక ఇంకో 60 ఏండ్లు. పైసలు తీసుకొని ఆర్డరు మీద ఏసింది వేరే లెక్క, ముందే కాగితం రాసుకోవాలె.

ఫోన్ నంబర్ పెట్టున్రి, ఇంటి అడ్రసు వద్దు. పబ్లిష్ నొక్కినంక లింకును దోస్తు ఫోన్ల తెరిచి సూడున్రి. మీకు కనబడ్డది వాళ్లకు కనబడకపోవచ్చు.