ఉద్యోగమంటే ప్రయత్నం

‘ఉద్యోగం’ అనే మాట వినగానే నేటి యువతరానికి కార్యాలయం, కుర్చీ, నెలజీతం గుర్తుకు వస్తాయి. కాని ఈ సంస్కృత పదానికి మొదటి అర్థం ప్రయత్నం, పూనిక. మహాభారతంలోని అయిదవ పర్వానికి ఉద్యోగ పర్వమని పేరు. తెలుగులో దానిని రచించినవాడు తిక్కన సోమయాజి. ఆ పర్వంలో యుద్ధం జరగదు. యుద్ధానికి ముందు ఇరుపక్షాల వారు సాగించిన రాయబారాలు, కూడగట్టుకున్న బలాలు, చేసుకున్న సన్నాహాలు అందులో వర్ణితమయ్యాయి. కాలక్రమంలో ఈ మాటకు ‘కొలువు’ అనే అర్థం స్థిరపడింది. అయితే మొదటి అర్థాన్ని విస్మరించిన వారికి రెండవ అర్థం చేకూరడం కష్టం. చదువు ముగించి కొలువు కోసం బయలుదేరే యువత ముందుగా చేసుకోవలసిన సన్నాహం ఎటువంటిదో గ్రహించడానికి జహీరాబాద్ ప్రాంతం చక్కని ఉదాహరణ.

జహీరాబాద్ సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దుకు చేరువగా, హైదరాబాదుకు దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో, 65వ జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. చెరకు, అల్లం, కంది, జొన్న పండే ఈ ప్రాంతానికి పరిశ్రమలు కొత్తవి కావు. ఆల్విన్ నిస్సాన్ పేరుతో ఇక్కడ వెలసిన మోటారు వాహనాల కర్మాగారం తరువాత మహీంద్రా సంస్థ పరమైంది. ఆ సంస్థ ఇక్కడ ట్రాక్టర్లను కూడా తయారు చేస్తున్నది. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో 12,635 ఎకరాల విస్తీర్ణంలో ‘నిమ్జ్’ అని వ్యవహరించే జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలాన్ని నెలకొల్పడానికి ప్రభుత్వాలు సంకల్పించాయి. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశవ్యాప్తంగా ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాలలో జహీరాబాద్ కూడా ఒకటి. 3,245 ఎకరాలలో, 2,361 కోట్ల రూపాయల వ్యయంతో చేపట్టదలచిన ఈ నగరం వలన 1.74 లక్షల మందికి ఉపాధి లభించగలదని ప్రభుత్వం అంచనా వేసింది.

అంకెలు ఆశ కలిగిస్తాయి. అయితే ఆ కొలువులు ఎవరికి దక్కుతాయన్నది అసలు ప్రశ్న. పరిశ్రమ కోసం తరతరాల భూమిని వదులుకున్న కుటుంబానికి పరిహారపు సొమ్ము ఎంతోకాలం నిలవదు. ఆ ఇంటి పిల్లలు కర్మాగారంలో యంత్రాన్ని నడిపే నిపుణులవుతారా? లేక తమ పొలమున్న చోటనే, వేరే దారి లేక, గేటు ముందు రోజుకూలి కోసం నిలబడతారా? ఏ పనీ నీచమైనది కాదు. కాని పనిని ఎంచుకునే స్వేచ్ఛ నైపుణ్యం ఉన్నవారికే ఉంటుంది. పరిశ్రమ ఊరికి వచ్చినంత మాత్రాన ఉద్యోగం ఇంటికి రాదు. కర్మాగారం తలుపులు తెరిచాక నైపుణ్యం నేర్వబూనడం దాహం వేసినప్పుడు బావి తవ్వడం వంటిది.

ఈ నైపుణ్యాన్ని సంపాదించడానికి ఉన్న మార్గాలలో అప్రెంటిస్‌షిప్ ముఖ్యమైనది. 1961లో పార్లమెంటు అప్రెంటిస్‌షిప్ చట్టం చేసింది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో 2.5 శాతం నుండి 15 శాతం వరకు అభ్యాసకులను తీసుకోవాలని 2019లో సవరించిన నిబంధనలు నిర్దేశించాయి. శిక్షణ కాలంలో అభ్యాసకునికి నెలనెలా భృతి లభిస్తుంది. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ విద్యార్థులే గాక ఇంటర్మీడియట్ వృత్తివిద్యా కోర్సులు చదివినవారు కూడా ఇందుకు అర్హులు. జాతీయ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకొని, ఏయే సంస్థలలో ఖాళీలున్నాయో తెలుసుకోవచ్చు. శిక్షణ ముగిశాక ఆ సంస్థే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం సాధారణంగా లేదు. అయినా అక్కడ గడించిన అనుభవం మరొక సంస్థలో అడుగు పెట్టడానికి ఉపకరిస్తుంది. ‘అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే అనుభవం’ అనే చిక్కుముడి ఈ విధంగా కొంత వీడుతుంది.

పనిచేస్తూ నేర్చుకున్న విద్య ఎంత దూరం తీసుకుపోగలదో జహీరాబాద్ సమీపంలోని మాచనూరు గ్రామం నిరూపించింది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 2008 అక్టోబరు 15న మాచనూరులో సంగం రేడియోను ప్రారంభించింది. మన దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆధ్వర్యంలో వెలసిన తొలి సామాజిక రేడియో కేంద్రమిది. దీనిని నడిపినవారు పట్టభద్రులు కారు, ఆ ప్రాంతపు దళిత మహిళలు. శబ్దాన్ని ముద్రించడం, కూర్చడం, ప్రసారం చేయడం వారు సాధనతో అభ్యసించారు. విత్తనాలు, పంటలు, పాటలు మొదలైన తమకు బాగా తెలిసిన విషయాలనే తమ యాసలో శ్రోతలకు అందించారు. పట్టా విలువను ఈ ఉదాహరణ తగ్గించదు. పట్టాతోపాటు చేతిలో పని ఉండాలని మాత్రమే బోధిస్తుంది.

ప్రైవేటు సంస్థలు నైపుణ్యానికి ప్రాధాన్యమిస్తే, ప్రభుత్వ కొలువులకు పరీక్షలతోపాటు పత్రాల అవసరం కూడా ఉంటుంది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణలో జిల్లా, జోన్, బహుళ జోన్ స్థాయి పోస్టుల ప్రత్యక్ష నియామకాలలో 95 శాతం స్థానిక అభ్యర్థులకు కేటాయించారు. ఒకటి నుండి ఏడవ తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది స్థానికతకు ప్రధానమైన ఆధారం. సరిహద్దు ప్రాంతమైన జహీరాబాద్‌లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. పొరుగున ఉన్న కర్ణాటకలో కొన్ని తరగతులు చదివినవారు తమ స్థానికత ఏ విధంగా నిర్ణయమవుతుందో ముందే తెలుసుకోవాలి. చదివిన పాఠశాలల నుండి బోనఫైడ్ పత్రాలు తీసుకొని భద్రపరచుకోవాలి. పదవ తరగతి మెమోలోను, ఆధార్ కార్డులోను, కుల ధ్రువీకరణ పత్రంలోను పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి. పరీక్షలో నెగ్గిన తరువాత పత్రాల పరిశీలనలో చిక్కుబడితే ఆ బాధ ఇంతంత కాదు.

దరఖాస్తు, మౌఖిక పరీక్ష అభ్యర్థి వ్యక్తిత్వానికి అద్దం పడతాయి. దరఖాస్తు ఒకటి రెండు పుటలకు మించకుండా, తప్పులు లేకుండా ఉండాలి. చేసిన పనులను స్పష్టంగా పేర్కొనాలి. ప్రశ్నిస్తే వివరించలేని విషయాన్ని అందులో చేర్చరాదు. మౌఖిక పరీక్షకు వెళ్ళేముందు ఆ సంస్థ ఏమి తయారు చేస్తుందో, ఏ పనికి మనుషులను కోరుతున్నదో తెలుసుకోవాలి. జవాబు తెలియనప్పుడు ‘తెలియదండీ, నేర్చుకుంటాను’ అనడం తప్పు కాదు. తెలిసినట్లు నటించడమే తప్పు. ఆంగ్లం, కంప్యూటరు పరిజ్ఞానం అవసరమే. అయితే మాతృభాషలో నాలుగు మాటలు పొందికగా చెప్పగలిగినవారికి మరొక భాషలో ఆ పొందిక త్వరగా అలవడుతుంది.

ఉద్యోగాన్వేషణలో ఆతురత ఎక్కువయ్యే కొద్దీ మోసగాళ్ళకు అవకాశం పెరుగుతుంది. ఉద్యోగమిచ్చే సంస్థ జీతం చెల్లిస్తుంది గాని అభ్యర్థి నుండి ధరావతు కోరదు. ప్రకటిత పరీక్షా రుసుము తప్ప ఏ దళారికీ పైకం ముట్టజెప్పరాదు. 2024, 2025 సంవత్సరాలలో కంప్యూటరు కొలువుల ఆశతో కంబోడియా, మయన్మార్ దేశాలకు వెళ్ళిన తెలుగు యువకులు అక్కడ సైబర్ నేరాల ముఠాల చేతిలో బందీలయ్యారు. ప్రభుత్వాలు పూనుకొని పలువురిని వెనుకకు తీసుకురావలసి వచ్చింది. విదేశాలకు వెళ్ళదలచినవారు తమ ఏజెంటు కేంద్ర విదేశాంగ మంత్రిత్వ శాఖ వద్ద నమోదైనవాడో కాదో విచారించాలి. పర్యాటక వీసాపై పనికి వెళ్ళరాదు. అంతర్జాలంలో మోసపోయినవారు సిగ్గుపడక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఇన్ని జాగ్రత్తలు పాటించినా మొదటి ప్రయత్నంలోనే అందరికీ కొలువు దొరకకపోవచ్చు. ఖాళీల కంటే అభ్యర్థులు ఎక్కువగా ఉన్నప్పుడు యోగ్యులకు కూడా నిరాశ ఎదురవుతుంది. అది వారి అసమర్థతకు గుర్తు కాదు. ఆ సంవత్సరాన్ని నిరీక్షణలోనే గడపకుండా ఏదో ఒక పని నేర్చుకుంటూ, చిన్నదైనా ఒక సంపాదన చూసుకుంటూ తిరిగి ప్రయత్నించడం వివేకం. కన్నవారు కూడా ఇరుగు పొరుగు పిల్లలతో పోల్చి తమ బిడ్డలను నొప్పించరాదు. జహీరాబాద్ నేలపై లేవబోయే కర్మాగారాలలో ఆ నేల బిడ్డలకు గౌరవప్రదమైన స్థానం దక్కాలంటే పాలకులు శిక్షణకు వసతులు కల్పించాలి, యువత వాటిని వినియోగించుకోవాలి. ఇంటర్మీడియట్ చదువుతున్న నాటి నుండే ఈ సన్నాహం ఆరంభించినవారు ‘ఉద్యోగం’ అనే మాటకు గల మొదటి అర్థాన్ని ఆచరణలో పెట్టినవారవుతారు.