మలుపులో వినిపించిన చప్పుడు

ఫిబ్రవరిలో ఓ సాయంత్రం. కాలనీ గేటు దగ్గర కారును కుడివైపు తిప్పుతుంటే పక్క సీట్లోంచి మా ఆవిడ అడిగింది, "ఏమండీ, ఏదో టకటకమంటోంది. మీకు వినపడిందా?" వినపడలేదన్నాను. నిజానికి వినపడింది. కానీ మార్చి క్లోజింగు ముంచుకొస్తుంటే బ్యాంకు ఉద్యోగికి కారు చప్పుళ్లు వినే తీరిక ఎక్కడిది? పాట సౌండు కాస్త పెంచాను.

ఏప్రిల్‌లో అమ్మను శ్రీశైలం తీసుకెళ్దామనుకున్నాం. మార్కాపురం నుంచి మాకు దోర్నాల మీదుగా దారి. దోర్నాల దాటితే అడవి, ఘాట్ రోడ్డు, మలుపు మీద మలుపు. "ఆ చప్పుడు సంగతి తేలేదాకా నేను, అత్తయ్య కారెక్కం" అని మా ఆవిడ తేల్చి చెప్పింది. అప్పుడు వెళ్లాను షెడ్డుకు.

మెకానిక్ స్టీరింగు పూర్తిగా తిప్పి, ఎడమ ముందు చక్రం వెనకాల టార్చి వేసి చూపించాడు. రిమ్ము లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. యాక్సిల్ చివర మడతలు మడతలుగా ఉండే రబ్బరు బూటు చుట్టూ చిరిగిపోయింది. "మొదట్లోనే తెచ్చుంటే బూటు, గ్రీజు మార్చి పంపేవాణ్ణి సార్. ఇప్పుడు జాయింటే పోయింది" అన్నాడు.

ఇంతకీ ఆ జాయింటు చేసే పనేమిటి? మన చిన్న కార్లలో ఎక్కువ భాగం ముందు చక్రాలతో లాగేవే. ఆ చక్రాలు ఇంజను బలంతో తిరగాలి, స్టీరింగుతో పక్కకూ మళ్లాలి, గుంతల్లో పైకీ కిందకీ ఆడాలి. మూడూ ఒకేసారి జరగాలంటే తిరిగే ఇనుప కడ్డీ మధ్యలో మోచేయిలా వంగాలి. ఆ మోచేయే సీవీ జాయింటు. దాని లోపల ఉక్కు గుండ్లు గ్రీజులో తిరుగుతుంటాయి. బూటు చిరిగితే గ్రీజు బయటికి, దుమ్మూ నీళ్లూ లోపలికి. గుండ్లు కూర్చునే గాళ్లు అరిగి వదులవుతాయి. తిన్నగా పోతుంటే తెలియదు. మలుపులో జాయింటు బాగా వంగినప్పుడు టకటక మొదలవుతుంది. కుడికి తిప్పితే వినపడే చప్పుడు చాలాసార్లు ఎడమ జాయింటుది, ఎడమకు తిప్పితే కుడిది. మలుపులో బయటివైపు చక్రం మీద భారం ఎక్కువ కదా! అయినా రెండు వైపులా చూపించుకోవడం మంచిది.

చప్పుడు తీరును బట్టి జబ్బు

మలుపులో వచ్చే చప్పుళ్లన్నీ ఇదే కాదు. మెకానిక్ దగ్గర కూర్చున్న రెండు గంటల్లో తెలుసుకున్నవి ఇవి.

గుంతలోనో, మలుపులోనో 'టక్' మని ఒక్కసారి కొట్టినట్టుంటే బాల్ జాయింటు, టై రాడ్ ఎండు, లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడాలి. అన్నిటికంటే భయపడాల్సింది దీనికే. బాల్ జాయింటు పూర్తిగా ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది, స్టీరింగు మన మాట వినదు. చక్రంలో ఊగులాట ఉందని మెకానిక్ చెబితే ఆ బండిని ఇంటికి నడుపుకుంటూ రాకండి.

వేగంతోపాటు పెరిగే 'హూం' శబ్దం ఒకవైపు మలుపులో ఎక్కువై రెండోవైపు తగ్గితే వీల్ బేరింగును అనుమానించాలి.

ఆగి ఉన్న బండిలో స్టీరింగు తిప్పితే 'కిర్రు' మనడమో, స్ప్రింగు తెగినట్టు 'టంగ్' మనడమో జరిగితే సస్పెన్షన్ పైభాగంలో ఉండే స్ట్రట్ మౌంటు బేరింగు సంగతి చూడాలి.

తిప్పినప్పుడు మూలుగు వస్తే, ఆయిల్‌తో పనిచేసే పవర్ స్టీరింగులో ఆయిల్ తగ్గి ఉండొచ్చు. ఆయిల్ పోయడంతో సరిపెట్టకుండా ఎక్కడ కారుతోందో వెతికించాలి. కరెంటుతో పనిచేసే పవర్ స్టీరింగయితే ఈ ఆయిల్ ఉండదు.

పూర్తిగా తిప్పినప్పుడు మాత్రమే 'బరబర' రాసుకుంటే, చాలాసార్లు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ ఊడి టైరుకు తగులుతుంటుంది. ఒక క్లిప్పుతో పోయే పని.

ఇంట్లో చేసుకోగల పరీక్ష

పిల్లలు లేని ఖాళీ స్థలంలో ఏసీ, పాటలు ఆపి, అద్దాలు దించండి. స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు గుండ్రంగా తిప్పండి. ఏ వైపు, ఏ వేగంలో, ఎలాంటి చప్పుడో కాగితం మీద రాసుకోండి. వీలైతే ఫోనులో రికార్డు చేయండి. దీంతో మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది, అక్కర్లేని భాగాలు మార్చే అవకాశమూ తగ్గుతుంది. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకండి.

మా బ్రాంచిలో ఒక లెక్క ఉంది. వాయిదా తప్పిన అప్పును మొదటి 30 రోజుల్లో ఎస్‌ఎంఏ-0 అంటాం. ఆ దశలో ఒక ఫోనుతో సర్దుకునే ఖాతా, పట్టించుకోకుండా 90 రోజులు దాటితే మొండి బాకీ అవుతుంది. అప్పు తీసుకున్నవాళ్లకు రోజూ ఈ మాట చెప్పే నేను, నా కారు ఇచ్చిన నోటీసును రెండు నెలలు మడిచి జేబులో పెట్టుకున్నాను. వందల్లో తేలాల్సింది వేలల్లోకి పోయింది. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ జాయింటు ఘాట్‌లో విరిగి ఉంటే ఇంజను తిరుగుతుంది గానీ బండి ముందుకు కదలదు. డెబ్భై దాటిన అమ్మతో, ఫోన్ సిగ్నలు అందని అడవిలో ఆ మలుపు దగ్గర నిలబడి ఉండేవాణ్ణి.

జాయింటు మార్చి, వీల్ అలైన్‌మెంటు చేయించాక మే నెలలో శ్రీశైలం వెళ్లొచ్చాం. ఘాట్ మొదలవగానే నేనే పాటలు ఆపేశాను. రోజూ నడిపే చెవికి చప్పుడు అలవాటైపోతుంది. పక్కన కూర్చున్నవాళ్లకే ముందు తెలుస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా "ఏదో చప్పుడొస్తోంది" అంటే, నాలాగా పాట సౌండు పెంచకండి.